ఉత్తమ కోడలు

'ఉత్తమ' అన్న మాట తర్వాత ఏ మాట వస్తుందో చూస్తే బహుమతి ఇచ్చేవాళ్ళు దేనికి విలువ ఇస్తున్నారో తెలిసిపోతుంది. ఉత్తమ నటి, ఉత్తమ రచయిత, ఉత్తమ ఛాయాగ్రాహకుడు, ఉత్తమ నేపథ్య గాయని. ఇవన్నీ పనుల పేర్లు. మన టీవీ ఛానళ్ళు ఏటా తమ సీరియళ్ళకు తామే ఇచ్చుకునే అవార్డుల్లో మాత్రం వేరే వరస కనిపిస్తుంది. వరస అంటే నిజంగా వరసే. ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ జంట. వేదిక మీదకు వచ్చి మెమెంటో అందుకునే అమ్మాయి చేసిన పని నటన. బహుమతి మాత్రం కోడరికానికి.

జీ తెలుగు వాళ్ళ వేడుక పేరు 'కుటుంబం అవార్డులు'. స్టార్ మా వాళ్ళది 'పరివార్ అవార్డులు'. భాష మారినా మాట ఒకటే. ఈ అలవాటు హిందీ నుంచి వచ్చింది. 2000లో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మొదలై అత్తాకోడళ్ళ సీరియళ్ళు దేశాన్ని ముంచెత్తాక, 2003లో స్టార్ వాళ్ళు సొంత పరివార్ అవార్డులు పెట్టుకున్నారు. అభిమాన కోడలు, అభిమాన అత్త అంటూ అక్కడ మొదలైన జాబితా దక్షిణాదికి దిగివచ్చింది. ఇందులో ఒక ఛానల్ సీరియల్‌తో మరో ఛానల్ సీరియల్ పోటీపడదు. ఎవరు గెలిచినా గెలిచేది ఆ ఇంటివాళ్ళే. పెళ్ళింట్లో చుట్టాలందరికీ బట్టలు పెట్టినట్టు ఏదో ఒక పేరు మీద అందరికీ ఒకటి ముట్టజెబుతారు. మధ్యలో డాన్సులు, స్కిట్లు, వాటి మధ్యలో ప్రకటనలు. ఆదివారం సాయంత్రం మొదలైతే అన్నాలు తిని గిన్నెలు కడుక్కున్నాక కూడా సాగుతూనే ఉంటుంది.

సీరియళ్ళ మీద మనం చాలానే రాసుకున్నాం. ఆ కుట్రలు, ఆ పట్టుచీరలు, వంటింట్లో కూడా వడ్డాణాలు, ఎంత కొట్టినా భర్త కాళ్ళ దగ్గరికే చేరే నాయికలు. అవార్డుల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. అదొక వినోదం, పోనీలే అనుకున్నాం. నాకు మాత్రం సీరియల్ కంటే అవార్డే ఎక్కువ ఆలోచించవలసిన విషయంగా అనిపిస్తోంది. సీరియల్లో కోడలు పడే కష్టం కథ. కథలో ఎవరు ఎన్ని కష్టాలైనా పడొచ్చు. ఆ కష్టాన్ని కథలోంచి బయటికి తీసి, దీపాల కింద నిలబెట్టి, చప్పట్లు కొట్టి, 'ఇదీ ఉత్తమం' అన్నప్పుడు అది కథ కాదు, కొలమానం.

నంది అవార్డుల సంగతి కొంచెం చెప్పాలి. 1964లో సినిమాలకు మొదలైన నందులు తర్వాత టీవీకీ, నాటకానికీ విస్తరించాయి. ఇచ్చే సంస్థ పేరులోనే చలనచిత్ర, టీవీ, నాటకరంగాలు మూడూ కలిసి ఉండేవి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చింది. తొంభైల్లో ప్రైవేటు ఛానళ్ళు వచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా మంజులానాయుడు దర్శకత్వంలో 'ఋతురాగాలు' వస్తున్న రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళలో పనులన్నీ ఆ టైటిల్ పాటకు ముందో తర్వాతో అన్నట్టు జరిగేవి. ఒక స్త్రీ నవల, ఒక స్త్రీ దర్శకత్వం. ఆ సంగతి అప్పట్లో ఎంతమంది గుర్తించారో గానీ పాట మాత్రం అందరికీ నోటికొచ్చు.

నందులు పాలుకడిగిన ముత్యాలని నేననడం లేదు. సిఫార్సులు, కులాల లెక్కలు, అలకలు అన్నీ ఉన్నవే. రాష్ట్ర విభజన తర్వాత 2014, 2015, 2016 సంవత్సరాల సినిమా నందులను 2017 నవంబరులో ప్రకటిస్తే పెద్ద రభస అయింది. వాటిని వేదిక మీద అందజేయడం జరగనేలేదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. ఇవన్నీ ఎలా ఉన్నా, నంది జాబితాలో ఉన్నవి పనుల పేర్లు. అందులో ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి అన్న విభాగం కూడా ఉండేది. గాయని సునీత పాటకే కాక గొంతు అరువిచ్చినందుకు కూడా నందులు అందుకున్నారు. తెరమీద కనిపించని ఆడమనిషి పనికి కూడా ఒక పేరుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు.

ఈ డబ్బింగ్ మాట నాకు గుర్తుచేసింది మా నకరికల్లు ఆడవాళ్ళు.

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. సాగర్ కుడికాలువ కింద మిర్చి, పత్తి, నీళ్ళు సరిగ్గా వస్తే వరి. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. అవార్డుల వేడుకలు వచ్చే రోజులు ఇక్కడ పత్తి తీతలు మొదలయ్యే రోజులు. పొద్దుననగా చేలోకి వెళ్ళి, నడుముకు కట్టుకున్న గుడ్డ ఒళ్ళో పత్తి నింపి, సాయంత్రం కాటా వేయించుకుని ఇంటికొస్తారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. ఆదివారం రాత్రి మా వదిన ఉండే ఇంటి వసారాలో ఇద్దరు ముగ్గురు చేరతారు, పత్తి కాయల మొనలు గుచ్చుకున్న వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ. నేనూ వెళ్ళి కూర్చుంటాను.

ఒకసారి ఒక నాయిక బహుమతి అందుకుని మైకు ముందు నిలబడింది. కన్నడమ్మాయి. వచ్చీరాని తెలుగులో, సన్నని గొంతుతో 'అందరికీ నమస్కారం' అంది. వసారాలో ఒక్క క్షణం నిశ్శబ్దం.

"ఇదేందే, దీని గొంతు ఇట్టా ఉంది?"

"అది దాని గొంతు కాదులే. సీరియల్లో ఇంకొకామె మాట్లాడుద్ది."

"మరి ఆమెకియ్యలేదే?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. వాళ్ళు ఏళ్ళతరబడి రోజూ రాత్రి విని ఏడ్చింది ఆ రెండో ఆమె గొంతుకు. తెలుగు సీరియళ్ళలో నాయికలు చాలామంది కర్ణాటక నుంచీ, కొందరు కేరళ నుంచీ వస్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, పొట్టకూటికి ఎవరైనా ఎక్కడికైనా పోతారు. ఎక్కడో చిన్న గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరమీది పెదవుల కదలికకు తన మాటను అతికించే తెలుగమ్మాయి ఎవరో మాత్రం ప్రేక్షకులకు తెలియదు. 'కోడలు' అని బహుమతికి పేరు పెట్టాక ఆమెకు ఇవ్వడం కుదరదు కూడా. కోడలు ఒక మనిషి కదా, గొంతు ఒకరిదీ ఒళ్ళు ఒకరిదీ ఎలా అవుతుంది? నటన అని పేరు పెట్టి ఉంటే ఆ పనిని ఇద్దరికీ పంచవలసి వచ్చేది.

ప్రపంచంలో పేరున్న టీవీ బహుమతి అమెరికాలో ఇచ్చే ఎమ్మీ. దాని మొట్టమొదటి వేడుక 1949 జనవరి 25న జరిగింది. ఆ రాత్రి మొదటి ఎమ్మీ అందుకున్నది షర్లీ డిన్స్‌డేల్ అనే ఇరవై ఏళ్ళు దాటీ దాటని అమ్మాయి. ఆమె పని ఒక చెక్కబొమ్మకు గొంతునివ్వడం. బొమ్మ మాట్లాడుతున్నట్టుంటుంది, మాట ఆమెది. ఆ బహుమతి బొమ్మకు ఇవ్వలేదు. రెక్కలు విప్పుకుని, చేతుల్లో అణువును ఎత్తిపట్టుకున్న ఆ స్త్రీ ప్రతిమకు నమూనాగా నిలబడింది దాన్ని తయారుచేసిన లూయీ మక్‌మానస్ భార్య డొరొతీ అట. భర్త పేరు శిల్పిగా నిలిచింది. భార్యది విగ్రహమైంది. అక్కడా ఇంటి సంగతులే అనుకోండి.

గొంతు తర్వాత రంగు. 'కార్తీకదీపం' 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. నల్లగా పుట్టిన దీప, ఆమెను అనుమానించి దూరం పెట్టిన డాక్టర్ బాబు, వంటచేసి బతికే దీపకు 'వంటలక్క' అన్న పేరు. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ రంగు నలుపు కాదు. మేకప్ వేసి నల్లగా చేశారు. పల్నాటి ఎండలో మాడిన ఆడవాళ్ళు తమ రంగున్న నాయికను చూసుకుని మురిసిపోయారు. అవార్డుల వేదిక మీదకు వచ్చినప్పుడు ఆ రంగు కడిగేసుకుని పట్టుచీరలో తెల్లగా వచ్చిందామె. "ఓసినీ, ఇంత తెల్లగుందా!" అన్నారు మా వసారాలో. అందులో సంతోషముంది, దెబ్బతిన్నట్టు ఒక జీరా ఉంది. నల్లపిల్ల పడే అవమానం కథకు కావాలి, నల్లపిల్ల మాత్రం అక్కర్లేదు. 2015లో వయోలా డేవిస్ డ్రామా సీరియళ్ళ విభాగంలో ఉత్తమ నటి ఎమ్మీ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ అయింది. ఎమ్మీలు మొదలైన అరవై ఆరేళ్ళకు. అక్కడ అంతకాలం పట్టింది. ఇక్కడ ఆ లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఇక విలన్లు. అవార్డుల్లో విలన్‌కి కూడా ఒకటుంటుంది. మన సీరియళ్ళలో విలన్ అంటే ఎక్కువగా ఆడదే. బాగా చదువుకున్నది, డబ్బు లెక్కలు తెలిసినది, కావలసింది నోరు తెరిచి అడిగేది, అన్నిటికీ మించి ఎత్తు వేయగలిగినది. పల్నాటివాళ్ళకు ఇది కొత్త కాదు. నాయకురాలు నాగమ్మ కథ మాకు ఉగ్గుపాలతో వచ్చింది. పన్నెండో శతాబ్దంలో గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన స్త్రీ. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు, ఈ వైపు ఆమె. కోడిపందెం, కారెంపూడి యుద్ధం. రాజకీయం ఇద్దరూ చేశారు, దుష్టత్వం ఆమె ఖాతాలో పడింది. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మగా కన్నాంబ, 1966 నాటి సినిమాలో భానుమతి వేశారు. అంతటి నటీమణులు వేశారు కాబట్టే ఆ పాత్రకు తెరమీదైనా ఒక ఠీవి దక్కింది. బాలచంద్రుడి చేతికి కత్తి ఇచ్చి చావుకు సాగనంపిన మాంచాల మాత్రం ఇప్పటికీ ఇంటింటి ఇల్లాలు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఈ అవార్డుల హడావుడీ అటూ ఇటూగా ఆ రోజుల్లోనే. మాంచాలకు ఉత్తమ కోడలు, నాగమ్మకు ఉత్తమ విలన్. ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మా దగ్గర జాబితా ఖరారైపోయింది.

వదిన సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెప్పలేను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఆమె మా పెదనాన్న పెద్దకొడుకు భార్య. పిల్లల్లేరు. అన్నయ్య చనిపోయేనాటికి ఆమెకు నలభై నిండలేదు. పెదనాన్న పొలం మిర్చి పెట్టుబడుల అప్పుల కింద అప్పటికే పోయింది. మిగిలింది పెద్దమ్మకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరం, పెద్దమ్మ పేరనే ఉన్న ఇల్లు. పెదనాన్న కూడా పోయాక పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. అక్కణ్ణుంచి పదకొండేళ్ళు వదినే చూసుకుంది. ఎత్తి కూర్చోబెట్టడం, తినిపించడం, మలమూత్రాలు, పుండ్లు పడకుండా రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పడం. ఈ పనులకు మన దగ్గర ఒక్కటే పేరు, సేవ. పేరు అంత పవిత్రంగా ఉంటే కూలి అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

పెద్దమ్మ పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక ఊరి పెద్ద ఒకాయన లేచి మాట్లాడాడు. ఈ కాలంలో ఇలాంటి కోడలు దొరకదని, కన్నకూతురికంటే ఎక్కువని అన్నాడు. వదినను ముందుకు పిలిచి పట్టుచీర పెట్టించారు. షామియానా కింద అందరూ చప్పట్లు కొట్టారు. చావింట్లో చప్పట్లు నేను వినడం అదే మొదలు.

నెల తిరక్కుండా చిన్నకొడుకు వచ్చి పొలం కాగితాలు అడిగాడు. చట్టం ప్రకారం అతను అడిగింది సరైనదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే ఆమె ఆస్తి మొదట కొడుకులకూ కూతుళ్ళకూ భర్తకూ చెందుతుంది. ముందే పోయిన కొడుకుకు పిల్లలుంటే వాళ్ళకూ వస్తుంది. ఆ కొడుకు భార్యకు ఆ మొదటి వరసలో చోటు లేదు. అదే ఎకరం పెదనాన్న పేరున ఉండి ఉంటే, కొడుకు తర్వాత పోయాడు గనుక, ఎనిమిదో సెక్షన్ కింద వదిన మొదటి తరగతి వారసురాలయ్యేది. మామ ఆస్తిలో వాటా ఉన్న కోడలికి, తను పదకొండేళ్ళు ఎత్తి దించిన అత్త ఆస్తిలో లేదు. కూతుళ్ళ హక్కు కోసం మనం చేసిన పోరాటం చిన్నది కాదు. మన రాష్ట్రంలో 1985లోనే ఉమ్మడి ఆస్తిలో వాళ్ళకు సమాన హక్కు వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పెద్దమ్మ లాంటివాళ్ళ ఆస్తి దగ్గర వదిన లాంటివాళ్ళ సంగతి ఎవరి జెండా మీదా లేదు. వీలునామా రాయించుకుని ఉండాల్సింది అని ఇప్పుడు అందరూ అంటారు. మాట పడిపోయిన అత్త వేలుపట్టి ముద్ర వేయించిన కోడలిని ఇదే ఊరు ఏ పేరుతో పిలిచేదో కూడా అందరికీ తెలుసు. ఆ పేరుకూ టీవీలో ఒక బహుమతి ఉంది.

మా మండలంలోనే చేజర్ల ఉంది. కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల. పావురాన్ని కాపాడడానికి శిబి చక్రవర్తి తన ఒంట్లో మాంసం కోసి ఇచ్చిన చోటు అదేనని స్థలపురాణం. చిన్నప్పటి నుంచీ త్యాగం కథగా విన్నాం. ఈమధ్య వెళ్ళినప్పుడు నాకు అందులో త్రాసు కనబడింది. శిబి ఇచ్చింది తూచారు. ఎంత ఇచ్చాడో డేగకు తెలుసు, దేవతలకు తెలుసు. పత్తి తీసిన ఆడమనిషికి కూడా సాయంత్రం కాటా ఉంటుంది, ముల్లు అటూ ఇటూ అయితే దెబ్బలాడుతుంది. వదిన పదకొండేళ్ళను తూచే కాటా లేదు. చప్పట్లు ఉన్నాయి.

ఇప్పుడామె ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వంటవాళ్ళ గౌరవ వేతనాన్ని 2019లో నెలకు వెయ్యి నుంచి మూడు వేలకు పెంచారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు. అన్నం పెట్టిన తల్లికి అంతకంటే గౌరవం ఏముంటుంది! పిల్లలు వదినను వంటలక్కా అని పిలుస్తారు. ఆ పిలుపు ఆమెకు ఇష్టమే.

పోయిన ఏడాది వేడుకలో ఉత్తమ కోడలి పేరు చదువుతున్నప్పుడు వదిన నన్నడిగింది.

"అమ్మాయ్, ఆ పిల్లకి రోజుకింతని ఇస్తారా?"

"ఇస్తారు వదినా. పనిచేసిన రోజుల లెక్కన ఇస్తారు."

"అయితే నయమే" అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. ఆ పిల్ల బాగుండాలన్న తృప్తి ఉంది.

మా చెల్లెలు, అంటే పెద్దమ్మ కూతురు, తన వాటాగా వచ్చిన అరెకరం వదినకు దానంగా రాసిస్తానంటోంది. తమ్ముడు మాట్లాడడం మానేశాడు. దాని అత్తింట్లో కూడా గొడవలవుతున్నాయి. ఆ గొడవ తట్టుకుని అది నిలబడుతుందా అని నాకు భయంగానే ఉంది, అయినా నిలబడింది ఇంతవరకు. పాస్‌బుక్కూ ఆధార్ కార్డులూ పట్టుకుని ముగ్గురం నరసరావుపేట వెళ్ళాం. దస్తావేజు లేఖరి కాగితాలన్నీ చూసి, ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ ఏం వరస అని అడిగాడు. అన్న భార్య అని చెప్పాం. రక్తసంబంధీకులకు, కుటుంబ సభ్యులకు ఇస్తే స్టాంపు సుంకం ఒక రేటు, పరాయివాళ్ళకు ఇస్తే ఇంకో రేటు అన్నాడు. వదిన కుటుంబం కిందికి వస్తుందో రాదో జాబితా చూసి సోమవారం చెబుతానన్నాడు.